ఆటోమేటిక్ కారు – గేరుబాక్సులోని ఆయిలు

కారు నడుపువారి ఎడమ కాలికి విశ్రాంతి నిచ్చిన యంత్రము ఆటోమేటిక్ గేరుబాక్సు. క్లచ్చి త్రొక్కుట లేదు. గేరు మార్చుట లేదు. ఒక కాలితో యాక్సిలరేటరు, అదే కాలితో బ్రేకు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరముల రద్దీలో దినమునకు రెండు గంటలు కారులో గడుపువారికి ఇది ఎంత సుఖమో వేరుగా చెప్పనక్కరలేదు. కాని యంత్రము మనకు పని తగ్గించిన కొలది దానిని గూర్చిన మన తెలివిడియు తగ్గుచుండును. ఇంజను ఆయిలు ఎన్ని కిలోమీటర్లకు మార్చవలెనో కారున్న ప్రతివారును చెప్పగలరు. గేరుబాక్సులో నున్న ఆయిలు ఏదని అడిగినచో పెక్కుమంది తెల్లబోవుదురు.

మెకానిక్కుల నడిగినచో మూడు విధములైన సమాధానములు వినబడుచుండును. ఒకరు, "అది జీవితకాలం ఆయిలండీ, ముట్టుకోనక్కరలేదు" అందురు. మరియొకరు, "ఏ ఆయిలైతేనేం, ఎర్రగా ఉంటే చాలు" అందురు. మూడవవారు, "లక్ష కిలోమీటర్లు దాటిన బండికి ఆయిలు మారిస్తే గేరుబాక్సు పోతుంది" అని భయపెట్టుదురు. ఈ మూడు మాటలలోను కొంచెము నిజము, చాల ప్రమాదము కలసియున్నవి. గేరుబాక్సు పాడైనచో దానిని బాగుచేయుటకగు వ్యయము ఆయిలు మార్చుటకగు వ్యయము కంటె ఎన్నో రెట్లు ఎక్కువ. ఒక్కొక్కప్పుడు పాత కారు విలువలో పెద్ద భాగము దానికే పోవును. కావున ఈ మూడు మాటలను ఒక్కొక్కటిగా విప్పి చూచుట అవసరము. అంతకు ముందు ఆ ఆయిలు లోపల ఏమి చేయుచున్నదో తెలిసికొందము.

చేతితో గేరు మార్చు కారులో గేరు ఆయిలునకు ముఖ్యమైన పని పళ్లచక్రములు అరిగిపోకుండ కాపాడుట. ఆటోమేటిక్ గేరుబాక్సులో ఆయిలు కందెన మాత్రమే కాదు. యంత్రమున అదియు ఒక భాగము. దానికి నాలుగు పనులు కలవు.

మొదటి పని, ఇంజను శక్తిని చక్రములకు అందించుట. కుండలో చల్ల చిలుకుచు కవ్వమును ఒకే వైపు త్రిప్పినచో కుండలోని చల్ల యంతయు సుడి తిరుగును. ఆ సుడిలో మరియొక రెక్కల చక్రము నుంచినచో, కవ్వము తాకకుండనే అదియు తిరుగును. టార్కు కన్వర్టరు అను భాగములో జరుగునది ఇదియే. ఇంజనుతో కలసి తిరుగు రెక్కల చక్రము ఆయిలును విసరును. ఎదుటనున్న మరియొక చక్రమును ఆ ఆయిలు త్రిప్పును. రెంటి నడుమ స్టేటరు అను మూడవ రెక్కల చక్రము తిరిగివచ్చు ఆయిలును సరియైన దిక్కునకు మళ్లించును. అందువలన బండి కదలునపుడు త్రిప్పుబలము సుమారు రెట్టింపగును. బండి వేగము నందుకొనిన పిమ్మట లోపలనే యున్న ఒక క్లచ్చి రెండు చక్రములను గట్టిగా పట్టి కలుపును. అప్పుడు ఆయిలు జారుట వలన కలుగు నష్టము తప్పును.

రెండవ పని, గేరులు మార్చుట. ఇంజను తిరుగుచున్నంత సేపు ఒక పంపు ఆయిలును పీడనముతో పంపుచుండును. కృష్ణా గోదావరి కాలువలపై లాకులు నీటిని ఆపి, మళ్లించి, విడిచినట్లు, వాల్వు బాడీ అను లోహపు దిమ్మెలోని సన్నని దారులు ఈ ఆయిలును కావలసిన క్లచ్చికి పంపును. ఏ దారి ఎప్పుడు తెరువవలెనో నిర్ణయించునది ఎలక్ట్రానిక్ యంత్రము. క్లచ్చిని నొక్కి పట్టు బలము మాత్రము ఆయిలుదే.

మూడవ పని, ఘర్షణను అదుపులో నుంచుట. నాలుగవది, వేడిని మోసికొనిపోయి రేడియేటరు వద్ద విడుచుట. ఈ రెంటిలో మూడవ పనియే అన్నిటికంటె సున్నితమైనది. ఏ ఆయిలు ఏ కారుకు తగునను ప్రశ్న ప్రధానముగా దానిమీదనే ఆధారపడియున్నది.

గేరుబాక్సులోని క్లచ్చి ప్లేట్లు ఆయిలులో మునిగియే పనిచేయును. ఒకదాని విడిచి ఒకటిగా ఉక్కు ప్లేట్లు, కాగితము వంటి పూత అతికిన ప్లేట్లు పేర్చబడియుండును. వీనిని దగ్గరకు నొక్కునపుడు రెండు కోరికలు తీరవలెను. పట్టు కుదిరిన తరువాత జారకూడదు. కుదురునపుడు కుదుపు రాకూడదు. జారకుండుటకు ఘర్షణ ఎక్కువగా నుండవలెను. కుదుపు లేకుండుటకు పట్టు మెత్తగా కుదురవలెను. ఈ రెంటి నడుమ తూకము నిలుపుటకై ఆయిలులో ఘర్షణను సవరించు రసాయనములను కలుపుదురు. తూకము ఏ వైపునకు మొగ్గవలెనో గేరుబాక్సును నిర్మించిన ఇంజనీర్లు నిర్ణయింతురు. వారు ఎన్నుకొనిన ప్లేట్ల పూత, పీడనము, ఎలక్ట్రానిక్ యంత్రమునకు నేర్పిన లెక్కలు అన్నియు ఒక నిర్ణీతమైన ఆయిలును మనసులో నుంచుకొని చేసినవే. ఆయిలు మారినచో లెక్క తప్పును.

ఇక "ఏ ఆయిలైతేనేం" అను మాటను విచారింతము. ఈ మాట ఒకనాడు కొంతవరకు నిజమే. దాని చరిత్ర చిన్నది గాని ఆసక్తికరమైనది. ద్రవము ద్వారా శక్తిని అందించు పద్ధతికి జర్మను ఇంజనీరు హెర్మన్ ఫాటింగర్ 1905లో పేటెంటు పొందెను. ఆయన ఉద్దేశించినది కార్లకు గాదు, ఓడలకు. కార్లలో సంపూర్ణమైన ఆటోమేటిక్ గేరుబాక్సును పెద్ద ఎత్తున తయారుచేసి అమ్మినది అమెరికాలోని జనరల్ మోటార్సు సంస్థ. హైడ్రామాటిక్ అను పేరుతో అది 1940వ సంవత్సరపు ఓల్డ్స్‌మొబిల్ కార్లలో వచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున అమెరికా సైన్యపు తేలిక ట్యాంకులలో సైతము దానిని వాడిరి.

1949లో జనరల్ మోటార్సు వారు ఈ గేరుబాక్సులకు "టైప్ ఏ" అను పేర ఒక ప్రమాణమును ప్రకటించిరి. ఆ ప్రమాణము ప్రకారము ఇతర కంపెనీలును ఆయిలు తయారుచేసి అమ్మవచ్చును. దాని వంశమున 1967లో డెక్స్‌రాన్, 1993లో డెక్స్‌రాన్ 3, 2005లో డెక్స్‌రాన్ 6 వచ్చినవి. ఆ తొలి దినములలో ఘర్షణను సవరించుటకు వాడినది స్పెర్మ్ తిమింగలపు నూనె. 1970లో అమెరికా ప్రభుత్వము ఆ తిమింగలమును అంతరించు ప్రమాదమున్న జీవుల పట్టికలో చేర్చుటతో దాని నూనె వాడుక ఆగినది. రసాయన శాస్త్రజ్ఞులు దానికి మారుగా కొత్త పదార్థములను వెదకవలసి వచ్చినది. సముద్రములోని ప్రాణికి కలిగిన ఆపద గేరుబాక్సులోని ఆయిలు తీరును మార్చినది.

ఇంతలో ఫోర్డు సంస్థ వేరొక త్రోవ త్రొక్కినది. వారి "టైప్ ఎఫ్" ఆయిలులో ఘర్షణను మెత్తపరచు పదార్థములు లేవు. క్లచ్చి త్వరగా, గట్టిగా పట్టవలెనని వారి ఉద్దేశము. మెత్తని పట్టు కొరకు చేసిన డెక్స్‌రాన్‌ను ఫోర్డు వారి గేరుబాక్సులో పోసినచో క్లచ్చి జారును. టైప్ ఎఫ్‌ను జనరల్ మోటార్సు వారి దానిలో పోసినచో గేరు మారినపుడెల్ల కుదుపు కలుగును. రెండును ఆటోమేటిక్ గేరు ఆయిళ్లే. రెండును ఎర్రగానే యుండును. రంగు చూచి నిర్ణయించుట ఎంత పొరపాటో ఈ ఒక్క ఉదాహరణము చాలును. నిజమునకు ఎరుపు ఆయిలు గుణము కాదు, కలిపిన రంగు. కారుచున్నది ఇంజను ఆయిలా, గేరు ఆయిలా అని గుర్తించుటకై దానిని కలుపుదురు. నేడు ఆకుపచ్చని, నీలి, పసుపు వన్నె ఆయిళ్లును కలవు. వాడకములో ఆ రంగు మారిపోవును గూడ.

నేడు పరిస్థితి మరింత చిక్కుపడినది. ఇంధనము ఆదా చేయవలెనని ఆయిలు చిక్కదనమును క్రమముగా తగ్గించుచున్నారు. డెక్స్‌రాన్ 3 ఆయిలు నూరు డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సుమారు 7 నుండి 7.5 సెంటీస్టోకుల చిక్కదనము కలిగియుండెడిది. కొత్త డెక్స్‌రాన్ 6కు గరిష్ఠ పరిమితి 6.4. అంతకంటె పలుచనివియు వచ్చినవి. టయోటా వారి పాత ఆయిలు టి-4, కొత్త ఆయిలు డబ్ల్యు.ఎస్. ఒక కంపెనీవే యైనను డబ్ల్యు.ఎస్. పలుచనిది, ఒకదాని స్థానమున మరియొకటి వాడరాదు. హ్యుండాయ్ వారి ఎస్.పి.-3, ఎస్.పి.-4 విషయమును అంతే. కంపెనీ పేరు చూచి ఆగక, దాని వెనుకనున్న అంకెను, అక్షరమును గూడ చూడవలెను.

మన దేశమున ఈ చిక్కు మరియొక మెట్టు ఎక్కువ. ఏలయన "ఆటోమేటిక్" అను ఒక్క పేరుతో ఇక్కడ నాలుగు వేరు వేరు యంత్రములు అమ్ముడగుచున్నవి. పైన వర్ణించిన టార్కు కన్వర్టరు రకము వానిలో ఒకటి మాత్రమే.

రెండవది ఏ.ఎం.టి. ఇది 2014లో మారుతి సెలెరియో కారుతో మన దేశమునకు వచ్చినది. తక్కువ ధరలో లభించుటచే మధ్యతరగతి కుటుంబములకు దగ్గరైనది. ఇందులో నున్నది చేతితో మార్చు మామూలు గేరుబాక్సే. క్లచ్చిని త్రొక్కి గేరు మార్చు పనిని మాత్రము ఒక యంత్రము చేయును. కావున దీనిలో పోయవలసినది మామూలు గేరు ఆయిలే. ఆటోమేటిక్ కారు అనగానే ఆటోమేటిక్ గేరు ఆయిలు తెచ్చి దీనిలో పోయుట తప్పు. గేరు మార్చు యంత్రము ద్రవ పీడనముతో పనిచేయునదైనచో దానికి వేరుగా కొద్దిపాటి ఆయిలుండును.

మూడవది సి.వి.టి. ఇందు గేరులే లేవు. వ్యాసము పెరుగుచు తరుగుచుండు రెండు కప్పీల నడుమ ఒక పట్టా తిరుగుచుండును. 1958లో హాలెండు దేశపు డాఫ్ సంస్థ ఇట్టి కారును రబ్బరు పట్టాలతో అమ్మినది. నేటి కార్లలో ఉక్కు పట్టాలు వాడుచున్నారు. ఉక్కుపై ఉక్కు జారకుండ శక్తిని మోయవలెను. నునుపుదనము నిచ్చుట ఆయిలు సహజ గుణము కాగా, ఇక్కడ అరుగుదలను ఆపుచునే పట్టును నిలుపవలెను. సి.వి.టి. ఆయిలు ప్రత్యేకముగా దీనికై చేసినది. మామూలు ఆటోమేటిక్ ఆయిలు పోసినచో పట్టా జారి, కప్పీల ముఖములపై గీతలు పడును. అట్లు పడిన గీతలను మరల ఆయిలు మార్చి సరిచేయలేము.

నాలుగవది రెండు క్లచ్చిల రకము, డి.సి.టి. బేసి గేరులకు ఒక క్లచ్చి, సరి గేరులకు ఒక క్లచ్చి. ఫోక్స్‌వాగన్ సంస్థ 2003లో దీనిని గోల్ఫ్ కారులో ప్రవేశపెట్టినది. ఇందు మరల రెండు తెగలు: క్లచ్చి ఆయిలులో మునిగియుండునది, పొడిగా నుండునది. ఫోక్స్‌వాగన్ వారి మునిగియుండు ఆరు గేరుల రకమునకు 60,000 కిలోమీటర్ల కొకసారి ఆయిలు, ఫిల్టరు మార్చవలెనని నిర్ణయము. పొడి క్లచ్చి రకములో గేరు ఆయిలు వేరు, గేరులను నడుపు భాగములోని ఆయిలు వేరు.

హైబ్రిడ్ కార్లను గూర్చియు ఒక మాట. టయోటా వారి హైబ్రిడ్ కార్లలో గేరుపెట్టె నిర్మాణము మరియొక తీరుది యైనను, అందులో వాడునది డబ్ల్యు.ఎస్. ఆయిలే. అది పళ్లచక్రములను తడుపుటయే గాక, లోపలి విద్యుత్ మోటార్లను చల్లబరచును. విద్యుత్తును ప్రవహింపనీయని గుణము చెడకుండుట అక్కడ అత్యవసరము.

మరి ఆయిలును ఎట్లు ఎన్నుకొనవలెను? వైద్యుడు వ్రాసిన చీటీని చూచి మందు కొన్నట్లు, కారుతో నిచ్చిన పుస్తకమును చూచి ఆయిలు కొనవలెను. ఆ పుస్తకములో ఒక ప్రమాణము పేరుండును. ఎన్ని లీటర్లు పట్టునో యుండును. పుస్తకము పోయినచో కంపెనీ సర్వీసు కేంద్రము వారికి కారు ఛాసిస్ నంబరు చెప్పినచో తెలుపుదురు. కంపెనీ వారి డబ్బాయే కొనవలెనను నిర్బంధము లేదు. పేరున్న ఆయిలు కంపెనీలు అదే ప్రమాణమునకు తగినవి తయారుచేయుచున్నవి. అయితే డబ్బాపై వ్రాసిన మాటలను శ్రద్ధగా చదువవలెను. కారు కంపెనీ పరీక్షించి ఆమోదించినదని వ్రాయుట వేరు; ఫలానా ప్రమాణము గల బండ్లకు పనికివచ్చునని ఆయిలు కంపెనీ తానే చెప్పుకొనుట వేరు. మొదటిది సాక్ష్యము, రెండవది వాగ్దానము. డెక్స్‌రాన్ 3 పేరుతో ఆయిళ్లు ఇంకను కనబడుచున్నవి గాని, ఆ ప్రమాణమునకు జనరల్ మోటార్సు వారి లైసెన్సులు 2006తో ముగిసినవి. ఇరువది ముప్పది రకముల బండ్లకు సరిపోవునని ఒకే డబ్బాపై వ్రాసినచో, అది వాగ్దానమని గుర్తుంచుకొని, వారంటీ కాలములో నున్న కారున కట్టిది వాడకుండుటయే మేలు. సీలు సరిగా లేని డబ్బాను ఎంత చౌకగా నిచ్చినను తీసికొనరాదు.

రెండవ మాట, "జీవితకాలం ఆయిలు". ఇది మెకానిక్కులు కల్పించిన మాట కాదు. కొన్ని కంపెనీల పుస్తకములలోనే ఆ అర్థము వచ్చునట్లు వ్రాసియుండును. ప్రశ్న యేమనగా, ఎవరి జీవితకాలము? వారంటీతో ముగియు జీవితమా? మొదటి యజమాని అమ్మువరకు గల జీవితమా? లేక పదునైదు సంవత్సరములు కారు నడుపుకొనదలచిన కుటుంబము లెక్కించు జీవితమా? పెక్కు కార్ల కంపెనీలకు ఆటోమేటిక్ గేరుబాక్సులను తయారుచేసి ఇచ్చు జర్మను సంస్థ జడ్.ఎఫ్. వారు తమ గేరుబాక్సులలో 80,000 నుండి 1,20,000 కిలోమీటర్ల లోపల, లేదా ఎనిమిది సంవత్సరములకు ఆయిలు మార్చుట మంచిదని చెప్పుచున్నారు. చేసినవారే మార్చుమని చెప్పుచుండగా, మార్చనక్కరలేదని మనము నమ్ముటలో అర్థము లేదు.

ఆయిలు ఏల పాతబడును? ముఖ్య కారణము వేడి. సాధారణముగా గేరుబాక్సులోని ఆయిలు 80, 90 డిగ్రీల వద్ద పనిచేయును. వేడిమి పెరిగిన కొలది ఆయిలు ప్రాణవాయువుతో కలసి చెడుట వేగవంతమగును. స్థూలముగా చెప్పవలెనన్న ప్రతి పది డిగ్రీలకు ఆ వేగము రెట్టింపగును. 90 డిగ్రీలకు మారుగా 110 డిగ్రీల వద్ద ఎడతెగక పనిచేసినచో ఆయిలు ఆయుర్దాయము నాలుగవ వంతునకు పడిపోవును. ఎండకాలపు మధ్యాహ్నము నగరపు రద్దీలో అంగుళమంగుళము కదలుట, నిండు కుటుంబముతో, సామానుతో తిరుమల కనుమదారి ఎక్కుట వంటివి ఆయిలునకు కఠిన పరీక్షలు. పుస్తకములో కఠిన పరిస్థితులు అను మాట కనబడినచో అది ఎవరో ఎడారిలో నడుపువారిని గూర్చి కాదు, చాలవరకు మనలను గూర్చియే. అట్టివారికి పుస్తకములలో తరచుగా తక్కువ గడువు వ్రాసియుండును, దానినే పాటింపవలెను. గడువేదియు లేనిచోట 60,000 నుండి 80,000 కిలోమీటర్ల నడుమ ఒకసారి మార్పించుట వివేకమని మా అభిప్రాయము.

ఎక్కుడులో బండి ఆగినపుడు బ్రేకు త్రొక్కక, యాక్సిలరేటరును కొంచెము నొక్కి బండిని కదలకుండ నిలుపు అలవాటు కొందరికి కలదు. బండి కదలకయే ఇంజను లాగుచున్నపుడు ఆ శక్తి యంతయు టార్కు కన్వర్టరులో ఆయిలును కాచుటకే పోవును. ఆ అలవాటును మానుట ఖర్చులేని సంరక్షణ.

ఆయిలు మార్చుట ఇంజను ఆయిలు మార్చినంత సులభమైన పని కాదు. క్రింది బోల్టు విప్పినచో పాన్‌లో నున్న ఆయిలు మాత్రమే దిగును. టార్కు కన్వర్టరులోను, చల్లబరచు గొట్టములలోను నున్నది అక్కడనే యుండును. కుండలో సగము పులిసిన చల్ల నుంచి, దానిపై క్రొత్త చల్ల పోసినట్లుండును. ఎనిమిది లీటర్లు పట్టు గేరుబాక్సులో 3.2 లీటర్లు దిగినదనుకొందము. అనగా నూటికి నలుబది పాళ్లు. మొదటిసారి మార్చినపుడు క్రొత్త ఆయిలు నూటికి 40 పాళ్లగును. కొంతకాలము నడిపి మరల మార్చినచో 64, మూడవసారికి 78 పాళ్లగును. ఈ పద్ధతి నెమ్మదైనది, నిరపాయమైనది. మరియొక పద్ధతి, చల్లబరచు గొట్టమునకు యంత్రము తగిలించి పాత ఆయిలు బయటికి పోవుచుండగా క్రొత్తదానిని లోనికి పంపుట. ఇందుకు ఆయిలు ఎక్కువ పట్టును. గేరుబాక్సు పీడనముతోనే నడుచు యంత్రమైనచో ఇదియు మంచిదే. కడుగు రసాయనములు పోసి, బయటి పీడనముతో కడుగుట మాత్రము మంచిది కాదు. పేరుకొనియున్న మడ్డి కదలి వాల్వు బాడీలోని సన్నని దారులను మూసివేయు అవకాశము కలదు.

పని చేయించునపుడు యజమాని గమనింపదగిన అంశములు కొన్ని కలవు. ఆయిలు దించుటకు ముందే, పోయు రంధ్రపు బోల్టు విప్పగలుగుచున్నారో లేదో చూడవలెను. దించిన పిమ్మట అది ఊడి రానిచో బండి అక్కడనే చిక్కుకొనును. దించిన ఆయిలును కొలువవలెను. పాన్ విప్పదగినదైనచో విప్పి, ఫిల్టరును, గ్యాస్కెట్టును మార్చవలెను. కొన్ని గేరుబాక్సులలో ఫిల్టరు పాన్‌తో కలసియే వచ్చును. పాన్‌లోని అయస్కాంతమును తప్పక చూడవలెను. దానిపై బూడిదరంగు మెత్తని ముద్ద అంటియున్నచో భయపడనక్కరలేదు. అది సహజమైన అరుగుదల. మెరయు లోహపు ముక్కలున్నచో లోపల ఏదో విరిగినదని గ్రహింపవలెను. తుడుచుటకు పోగులు రాలని గుడ్డనే వాడవలెను. ఒక్క నూలుపోగు ఒక వాల్వును ఆపగలదు.

తరువాత మట్టము. ఇచ్చటనే ఎక్కువ పొరపాట్లు జరుగుచున్నవి. ఆయిలు వేడికి వ్యాకోచించును గనుక మట్టమును నిర్ణీతమైన ఉష్ణోగ్రత వద్దనే చూడవలెను. కొలబద్ద యున్న కార్లలో బండిని కొంతదూరము నడిపి, సమతలముపై నిలిపి, బ్రేకు త్రొక్కియుంచి, గేరు లీవరును అన్ని స్థానములకు త్రిప్పి మరల పార్కునకు తెచ్చి, పుస్తకము చెప్పిన విధముగా చూడవలెను. పెక్కింటిలో ఇంజను తిరుగుచుండగనే చూడవలసియుండును. నేటి కార్లలో పెక్కింటికి కొలబద్ద లేదు. మట్టమును చూపు రంధ్రము గుండా ఆయిలు సన్నగా పొర్లినచో నిండినట్లు లెక్క. జడ్.ఎఫ్. వారి ఎనిమిది గేరుల రకములో ఈ పరీక్షను ఇంజను తిరుగుచుండగా, ఆయిలు 30 నుండి 50 డిగ్రీల నడుమ నున్నపుడు చేయవలెను. ఉష్ణోగ్రతను చూచుటకు స్కానరు కావలెను. స్కానరు లేక, చేతితో పాన్‌ను తాకి చూచి, "సరిపోయిందిలెండి" అనువారికి ఈ పని అప్పగింపరాదు. ఆయిలు తక్కువైనచో పంపు గాలిని పీల్చును; ఎక్కువైనచో తిరుగు చక్రములు దానిని చిలికి నురుగు చేయును. రెండు విధములను పీడనము పడిపోయి, క్లచ్చి జారి, మాడును.

ఇక మూడవ మాట, పాత బండికి మార్చినచో పోవుననుట. ఇట్లు జరిగిన సందర్భములు లేకపోలేదు. కాని కారణమును సరిగా అర్థము చేసికొనవలెను. లక్షన్నర కిలోమీటర్లు ఒకే ఆయిలుతో నడచి, క్లచ్చి పూత అరిగి, జారుట మొదలుపెట్టిన తరువాతనే చాలమందికి ఆయిలు సంగతి జ్ఞాపకము వచ్చును. అరిగిన పూత పొడి పాత ఆయిలులో తేలుచుండుటచే కొంత గరుకుదనముండి, క్లచ్చి ఎట్లో పట్టుచుండును. శుభ్రమైన ఆయిలు పోయగానే ఆ ఆసరా పోవును. అప్పుడు చెడినది ఆయిలు మార్పు వలన కాదు, అంతకు ముందే చెడియున్నది; మార్పు దానిని బయటపెట్టినది. కావున నియమము ఇది: గేరులు మెత్తగా మారుచున్న బండి ఎంత పాతదైనను, పాన్‌లోని ఆయిలును మాత్రము దించి, సరియైన ఆయిలు పోయించి, కొంతకాలమునకు మరల అట్లే చేయింపవచ్చును. ఇప్పటికే జారుచున్న బండికి ఆయిలు మార్పు మందు కాదు. ముందు నిపుణుని చేత పరీక్ష చేయింపవలెను. వాడిన కారు కొనువారు ఇంజను ఆయిలు బిల్లులతోపాటు గేరుబాక్సు ఆయిలు బిల్లును గూడ అడిగి చూచుట మంచిది. డెబ్బది, ఎనుబది వేలు తిరిగి, ఆ బిల్లు లేని కారునకు ధర చెప్పునపుడు ఆ మాటను లెక్కలోనికి తీసికొనవలెను.

కొన్ని గుర్తులను ఉపేక్షింపరాదు. లీవరును డ్రైవులో వేసిన తరువాత బండి కదలుటకు క్షణమో రెండు క్షణములో ఆలస్యమగుట. ఇంజను మ్రోత పెరుగుచున్నను వేగము పెరుగకపోవుట. గేరు మారునపుడు కుదుపు. ఆయిలు నల్లబడి మాడిన వాసన వచ్చుట. వీనన్నిటికంటె ప్రమాదకరమైనది, ఆయిలు పాలు కలిపిన గులాబీ రంగులో కనబడుట. రేడియేటరులోని నీరు గేరు ఆయిలుతో కలసినదనుటకు అది గుర్తు. క్లచ్చి ప్లేట్ల పూతను అతికిన జిగురు దానివలన ఊడిపోవును. అట్టి బండిని ఇంటివరకైనను నడుపరాదు.

అయినచో ఎట్లు తీసికొనిపోవలెను? మామూలు బండిని తాడు కట్టి లాగినట్లు ఆటోమేటిక్ బండిని లాగుట తగదు. ఇంజను ఆగియున్నపుడు ఆయిలు పంపు తిరుగదు. చక్రములు తిరుగుచున్నచో గేరుబాక్సులోని భాగములు ఆయిలు లేకయే తిరిగి కాలిపోవును. ఇంజను శక్తి నందుకొను చక్రములు నేలను తాకకుండ ఎత్తియో, బండి మొత్తమును లారీపై నెక్కించియో తీసికొనిపోవలెను.

దించిన పాత ఆయిలును మురుగు కాలువలోనో, ఖాళీ స్థలములోనో పారబోయుట మరియొక దురాచారము. మన దేశమున 2016వ సంవత్సరపు ప్రమాదకర వ్యర్థముల నియమముల ప్రకారము వాడిన ఆయిలు ప్రమాదకర వ్యర్థము. దానిని సేకరించి శుద్ధిచేయు అనుమతి గలవారికి పంపవలసిన బాధ్యత షెడ్డు వారిది. ఎక్కడ పోయుచున్నారని అడుగుట మన బాధ్యత.

ఇప్పుడు ఆ మూడు మాటలను తిరిగి చెప్పవలెనన్న ఇట్లు చెప్పవచ్చును. ఏ ఆయిలైనను ఒకటి కాదు. పుస్తకములో వ్రాసినదే ఆ కారునకు ఆయిలు. జీవితకాలపు ఆయిలు లేదు. ఆయిలునకే ఒక జీవితకాలమున్నది, మన ఎండలలో అది ఇంకను తక్కువ. పాత బండికి ఆయిలు మార్చుట ప్రమాదము కాదు; ఆలస్యము చేయుట ప్రమాదము. కారున్న శ్రోతలు పుస్తకము తెరచి, తమ గేరుబాక్సు ఆ నాలుగు రకములలో ఏదో, దాని ఆయిలు పేరేదో, కడపట మార్చిన తేదీ ఏదో ఒక కాగితముపై వ్రాసి కారులో నుంచుకొందురు గాక. మెకానిక్కు వద్దకు వెళ్లునపుడు ఆ కాగితము మన చేతిలో నుండినచో, చెప్పినదెల్ల వినవలసిన అవసరముండదు, అడుగవలసినది అడుగగలము.